సెన్సర్ మార్చే ముందు దాని ప్లగ్ ఊడదీసి చూడండి

మీరు అడిగింది ఇదీ: కారులో రేడియేటర్ ఫ్యాన్ ఆగకుండా తిరుగుతోంది, ఇంట్లో ఏసీ గది చల్లబడకుండానే కట్ అయిపోతోంది, రెండుచోట్లా మెకానిక్‌లు ‘టెంపరేచర్ సెన్సర్ పోయింది, మార్చాలి’ అంటున్నారు, మనమే చూసుకునే దారి ఏమైనా ఉందా అని. ఉందండి. నేను విశాఖలోని లాసన్స్ బే కాలనీలో, సముద్రం హోరు వినిపించేంత దగ్గరలో ఉంటాను. ఈ రెండు తలనొప్పులూ నాకూ వచ్చాయి. రెండుసార్లూ సెన్సర్ బాగానే ఉంది.

కారు సంగతి ముందు. లీటరుకు 16 ఇచ్చే బండి 11కి పడిపోయింది. సైలెన్సర్ దగ్గర పచ్చి పెట్రోలు వాసన. ఒకరోజు మద్దిలపాలెం ట్రాఫిక్‌లో చెక్ ఇంజిన్ లైట్ వెలిగి, ఫ్యాన్ మీ బండిలో లాగే ఆగకుండా తిరగడం మొదలైంది. మెకానిక్ స్కానర్ పెడితే పీ0118 అని కోడ్ వచ్చింది, పక్కనే ‘హై’ అని ఉంది. ఆయన దాన్ని ఇంజిన్ వేడి ఎక్కువైందని చదివి కూలెంట్, థర్మోస్టాట్ మార్చేశాడు. వారం తిరక్కుండా మళ్లీ అదే లైటు. ఈసారి సెన్సర్ కూడా మార్చాడు. రెండు వారాలు బాగుంది, మళ్లీ మొదటికొచ్చింది.

అక్కడ ‘హై’ అంటే వేడి కాదు, వోల్టేజి. ఈ సెన్సర్ లోపల ఉండేది థర్మిస్టర్ అనే చిన్న ముక్క. వేడెక్కేకొద్దీ దాని రెసిస్టెన్స్, అంటే కరెంటుకి అది పెట్టే అడ్డు (ఓమ్‌లలో కొలుస్తారు), తగ్గుతుంది. ఈసీయూ, అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్, 5 వోల్టులు పంపి, సెన్సర్ దగ్గర ఎంత మిగిలిందో చూసి ఉష్ణోగ్రత లెక్క కడుతుంది. వైరు తెగినా, ప్లగ్ వదులైనా వోల్టేజి పైకే ఉండిపోతుంది, ఈసీయూకి అది మైనస్ 40 డిగ్రీల చలిలా కనిపిస్తుంది. విశాఖలో మైనస్ 40 ఏమిటని దానికి అనుమానం వచ్చి, ఎందుకైనా మంచిదని ఫ్యాన్ ఆన్ చేసి వదిలేస్తుంది. మీ ఫ్యాన్ కథ కూడా ఇదే అయ్యుండొచ్చు.

ప్లగ్ ఊడదీసి చూస్తే ఒక పిన్ను మీద పచ్చటి చిలుము. మన ఉప్పుగాలి ఇత్తడి బిందెని ఏం చేస్తుందో దాన్నీ అదే చేసింది. చిలుము అడ్డుపడితే లైనులో రెసిస్టెన్స్ పెరుగుతుంది, పెరిగినదంతా ఈసీయూకి చలిగానే అర్థమవుతుంది. చాలా కార్లలో ఈ సెన్సర్ 20 డిగ్రీల దగ్గర 2,500 ఓమ్‌లు, 80 దగ్గర 300 చిల్లర చూపిస్తుంది. చిలుము వల్ల 500 ఓమ్‌లు కలిశాయనుకోండి. పొద్దున్న చల్లటి ఇంజిన్‌లో తేడా ఆరేడు డిగ్రీలే, ఎవరూ పట్టించుకోరు. అదే ఇంజిన్ 80కి చేరితే ఈసీయూ 50 అనుకుంటుంది. ఇంకా వేడెక్కలేదనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తుంది. అందుకే ఒక్క పొద్దుటి పరీక్షతో తేల్చేయకండి. రాత్రంతా ఆగిన బండిలో ఓబీడీ డాంగిల్‌తో (కారు సాకెట్‌లో గుచ్చితే ఈసీయూ అంకెలు ఫోన్‌లో చూపే చిన్న పరికరం) కూలెంట్, ఇన్‌టేక్ గాలి (ఇంజిన్ లోపలికి పీల్చే గాలి) ఉష్ణోగ్రతలు రెండూ చూడండి, అవి దాదాపు ఒకటే ఉండాలి. తర్వాత అరగంట నడిపి మళ్లీ చూడండి.

వైరింగ్ తేల్చడం ఇంకా సులువు. ఇంజిన్ ఆపి, ఇగ్నిషన్ మాత్రం ఆన్ ఉంచి ప్లగ్ ఊడదీస్తే రీడింగ్ మైనస్ 40కి పడాలి. రెండు వైర్ల సెన్సర్ అయితే ప్లగ్ వైపు ఆ రెండు పిన్నుల్నీ చిన్న తీగతో కలపండి, రీడింగ్ ఒక్కసారిగా పైకి దూకాలి. రెండూ జరిగితే వైర్లు, ఈసీయూ బాగున్నట్టే. ఇక మిగిలింది పిన్నులూ సెన్సరూ. నేను కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, మెత్తటి బ్రష్‌తో రుద్ది, పైన కాస్త సిలికాన్ గ్రీజు రాశాను. కోడ్ మళ్లీ రాలేదు. తీసేసిన పాత సెన్సర్ ఇంకా డ్రాయర్‌లో ఉంది, కొలిస్తే నిక్షేపంలా ఉంది.

ఒక్క జాగ్రత్త. వేడి ఇంజిన్ మీద రేడియేటర్ మూత తీయొద్దు. డాష్‌బోర్డులో ఇంజిన్ వేడి చూపే ముల్లు ఉన్నట్టుండి కిందికి పడితే హమ్మయ్య అనుకోకండి. కూలెంట్ తగ్గి సెన్సర్ గాల్లో తేలినా ముల్లు అలాగే పడుతుంది, అప్పుడు ఇంజిన్ నిజంగానే కాలిపోతుంటుంది.

ఏసీలో చిలుము కూడా లేదు. వాటర్ సర్వీస్ చేసిన కుర్రాడు గది సెన్సర్‌ని క్లిప్పులో సరిగ్గా పెట్టలేదు, అది జారి లోపలి కూలింగ్ కాయిల్ చల్లటి రెక్కలకి ఆనుకుంది. గది 29 ఉంటే దానికి 20 కనిపించేది, కంప్రెసర్ ఆగిపోయేది. మీది కూడా సర్వీస్ తర్వాతే మొదలైందా? అయితే ఎంసీబీ ఆపి, ముందు ప్యానెల్ తెరిచి అదే చూడండి.

క్లిప్పు సరిగ్గానే ఉంటే ప్లగ్ తీసి మల్టీమీటర్‌తో కొలవండి. ఎక్కువ ఏసీల్లో గది సెన్సర్ 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓమ్‌లు. గుప్పిట్లో పట్టుకుంటే అంకె మెల్లగా, తడబడకుండా దిగాలి. దంచిన ఐసు, నీళ్లు కలిపిన గ్లాసులో ముంచితే 32, 33 కిలో ఓమ్‌ల దగ్గర నిలవాలి. మధ్యలో గెంతితే, లేదా మీటరు అసలు కదలకపోతే, అప్పుడు నిజంగానే పోయినట్టు. కారు సెన్సర్‌కి మరిగే నీళ్లు కూడా వాడొచ్చు. మన దగ్గర నీళ్లు 100 దగ్గరే మరుగుతాయి (అరకులో అయితే 97 వేసుకోండి), అక్కడ రెసిస్టెన్స్ 200 ఓమ్‌ల లోపుకి రావాలి.

ఇలాంటి సెన్సరే ఉన్నా, ఫ్రిజ్ జోలికి మాత్రం నేను వెళ్లను. వెనక మంచు పేరుకుంటే అది సెన్సరా, హీటరా, ఫ్యూజా తేల్చడానికి లోపలి ప్యానెల్ మొత్తం విప్పాలి.

మీ కారు ఏ ఏడాదిదో, ప్లగ్ తీసినప్పుడు రీడింగ్ ఎంత పడిందో రాయండి, చూసి చెప్తాను.