క్రోమ్ ఉండగా సర్వో లాంటి కొత్త బ్రౌజర్ ఇంజిన్ ఎందుకు?

విశాఖ మధురవాడ నుంచి ఒక ఇంజినీరింగ్ విద్యార్థి అడిగిన ప్రశ్న ఇది. ఫైనలియర్ ప్రాజెక్టుకు పనికొస్తుందా అని కూడా అడిగారు.

అసలు కారణం భద్రత. క్రోమ్ ఇంజిన్‌లో (వెబ్‌పేజీ కోడ్‌ని తెరమీద కనిపించే పేజీగా మార్చే భాగం) ఎక్కువ భాగం సీ++ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఉంది. అందులో, విడుదల చేసేసిన మెమరీని పొరపాటున మళ్లీ వాడితే హ్యాకర్‌కి దారి దొరుకుతుంది. తీవ్రమైన భద్రతా లోపాల్లో సుమారు 70 శాతం ఇలాంటి మెమరీ తప్పులేనని క్రోమ్‌కి ఆధారమైన క్రోమియం బృందమే 2020లో చెప్పింది. 2012లో ఫైర్‌ఫాక్స్ సంస్థ మొజిల్లా మొదలుపెట్టిన సర్వోని రస్ట్ అనే మరో ప్రోగ్రామింగ్ భాషలో రాస్తున్నారు. ఇలాంటి తప్పున్న కోడ్‌ని రస్ట్ కంపైలర్ (కోడ్‌ని యంత్రానికి అర్థమయ్యేలా మార్చే ప్రోగ్రామ్) ఒప్పుకోదు ('అన్‌సేఫ్' అని గుర్తుపెట్టిన భాగాలు తప్ప).

వేగమూ అక్కడి నుంచే వస్తుంది. రెండు థ్రెడ్లు (ఒకేసారి నడిచే పనులు) ఒకే డేటాని పాడుచేయవన్న భరోసా ఉంది కాబట్టి, స్టైల్ (రంగులు, అక్షరాల రూపం), లేఅవుట్ (పేజీలో ఏది ఎక్కడ) పనులను ప్రాసెసర్ కోర్లన్నిటికీ ధైర్యంగా పంచొచ్చు. ఈ స్టైల్ భాగమే 2017లో ఫైర్‌ఫాక్స్ 57లోకి వెళ్లింది. నా దృష్టిలో సర్వో సాధించిన పెద్ద విజయం అదే.

జావాస్క్రిప్ట్‌కి మాత్రం ఇప్పటికీ సీ++లో రాసిన, మొజిల్లా వారి జావాస్క్రిప్ట్ ఇంజిన్ స్పైడర్‌మంకీయే దిక్కు. బ్యాంకు పనులకి సర్వో వాడకండి. ప్రాజెక్టుకైతే భేషుగ్గా పనికొస్తుంది: మీ కాలేజీ సైట్‌ని అందులో తెరవండి, పేజీ ఎక్కడ చెదిరిందో చూసి, ఆ ఒక్క సీఎస్ఎస్ (పేజీ రూపాన్ని నిర్ణయించే కోడ్) లోపాన్ని పట్టుకోండి.