ఓనరూ మీరే, జీతగాడూ మీరే

ప్రశ్న: నమస్కారమండీ. నేను ప్లేనోలో ఉంటాను. 2016లో ఎమ్మెస్‌కి వచ్చాను, 2019లో హెచ్-1బీ (కంపెనీ తరఫున ఇచ్చే ఉద్యోగ వీసా) వచ్చింది. ఇప్పుడున్న కంపెనీ ద్వారానే 2022లో ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే అర్జీ) అప్రూవ్ అయింది. గ్రీన్ కార్డుకి నా వంతు ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. పళ్ళ డాక్టర్ల క్లినిక్కులకి ఇన్సూరెన్స్ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచెయ్యాలని రెండేళ్ళుగా అనుకుంటున్నాను. తెలిసిన డాక్టరు ఒకాయన తన రెండు క్లినిక్కులకి తీసుకుంటానన్నారు. సొంత కంపెనీ పెట్టి, దాని తరఫున నాకు నేనే హెచ్-1బీ వేసుకోవచ్చని రూలు మారిందట, నిజమేనా? 51 శాతం వాటా నా భార్య పేర పెడితే ఇంకా తేలికని ఒక స్నేహితుడు అంటున్నాడు. ఆవిడకి హెచ్-4 ఈఏడీ, అంటే హెచ్-1బీ వాళ్ళ జీవిత భాగస్వాములకిచ్చే వర్క్ పర్మిట్, ఉంది, ప్రస్తుతం ఉద్యోగం చెయ్యడం లేదు. ఈలోగా రాత్రిళ్ళు కూర్చుని కోడింగ్ చేసుకుంటే, జీతం తీసుకోను కాబట్టి తప్పు కాదు కదా?
– ఒక పాఠకుడు, ప్లేనో, టెక్సస్

జవాబు: మీ ఉత్తరంలో అసలు సంగతి ఒక చిన్న వాక్యంలో దాక్కుని ఉంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు నా గురించి ఒక మాట. నేను లాయర్ని కాను. డాలస్ చుట్టుపక్కల చిన్న కంపెనీలకి ఇరవై ఏళ్ళు పద్దులు రాసి, పేరోల్ నడిపినవాణ్ణి. వీసా కాగితాలు లాయరు రాస్తాడు. అందులో రాసిన జీతం నెలనెలా ఖాతాలో పడిందా లేదా అన్నది నా బల్ల దగ్గర తేలేది. అందుకని నా జవాబు కూడా ఆ బల్ల వైపు నుంచే ఉంటుంది.

రూలు నిజమే. 2025 జనవరి 17 నుంచి అమల్లో ఉంది. కంపెనీలో సగానికి మించి వాటాగానీ, ఓటింగ్ హక్కుల్లో మెజారిటీగానీ ఉన్న మనిషికి అదే కంపెనీ హెచ్-1బీ వెయ్యవచ్చని అందులో స్పష్టంగా రాశారు. అంతకుముందు అసలు దారే లేదని కాదు, ఇరుకు సందు ఉండేది. 2010 జనవరిలో యూఎస్‌సీఐఎస్ (వీసా అర్జీలు చూసే ప్రభుత్వ సంస్థ) ఇచ్చిన ఒక మెమో ప్రకారం ఉద్యోగి మీద అదుపు, అంటే అవసరమైతే తీసేసే అధికారం కూడా, కంపెనీకి ఉండాలి. తనని తాను ఉద్యోగంలోంచి తీసేసుకునే ఓనరు ఎక్కడైనా ఉంటాడా? 2011లో, విడిగా డైరెక్టర్ల బోర్డు ఉండి దానికి ఆ అధికారం ఉంటే ఒప్పుకోవచ్చన్నారు. ఇంకేముంది, బావమరుదులూ పాత రూమ్మేట్లూ రాత్రికి రాత్రి డైరెక్టర్లయిపోయారు. అలాంటి బోర్డు మీటింగు మినిట్స్ ఒకటి నా చేత టైపు చేయించారు. ఉన్న ముగ్గురిలో మాట్లాడినవాడు ఒక్కడే, వీసా కావలసినవాడు. ఆ 2010 నాటి మెమో 2020 జూన్‌లో రద్దయింది.

ఇప్పుడా నాటకం అక్కర్లేదు. దాని బదులు గడువు తగ్గించారు. మామూలుగా మూడేళ్ళిచ్చే చోట, సగానికి మించి వాటా ఉన్న ఓనరుకి మొదటిసారి 18 నెలలే, మొదటి ఎక్స్‌టెన్షన్‌కీ 18 నెలలే. అంటే ఏడాదిన్నర తిరగ్గానే మీ పద్దుపుస్తకం ప్రభుత్వం ముందు విప్పాలి. నన్నడిగితే ఈ రూలు మొత్తంలో అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇదే, దీని గురించి ఎవరూ మాట్లాడరు.

మీకు కలిసొచ్చేవి రెండున్నాయి. మీరు హెచ్-1బీ లాటరీలో ఒకసారి నెగ్గి, ఏడాదికిన్ని అని ఇచ్చే కోటాలో లెక్కకొచ్చేశారు, కాబట్టి మళ్ళీ లాటరీ అక్కర్లేదు. 2025 సెప్టెంబరులో వచ్చిన లక్ష డాలర్ల ఫీజు కూడా, ఇక్కడే స్టేటస్‌లో ఉండి కంపెనీ మారే మీలాంటివాళ్ళకి కాదు. పాతిక మందికి మించని కంపెనీ కాబట్టి ఫారానికి 460, ట్రైనింగ్ ఫీజు 750, ఫ్రాడ్ ఫీజు 500, అసైలమ్ ఫీజు 300, వెరసి 2,010 డాలర్లు, లాయరు ఫీజు కాక. ఈ డబ్బు కంపెనీ ఖాతాలోంచే వెళ్ళాలి. మీ సొంత క్రెడిట్ కార్డు ఇక్కడ గీకకండి.

అసలు ఖర్చు ఆ తర్వాత మొదలవుతుంది. మీ ఊళ్ళో, మీ పనికి, మీ అనుభవానికి ప్రభుత్వం ఒక కనీస జీతం నిర్ణయిస్తుంది. మీ కంపెనీ లేబర్ డిపార్ట్‌మెంటుకి ఎల్‌సీఏ అనే హామీపత్రం వేసినప్పుడు దానికి తగ్గకుండా ఇస్తానని మాటిస్తుంది. ఆ జీతం కనీసం నెలకోసారి, టాక్సులు పట్టుకుని, ఖాతాలో పడాలి. డాక్టరుగారు చెక్కు ఆలస్యంగా పంపారా, అసలు పంపనే లేదా అన్నది ఆ జీతానికి అనవసరం. పని లేదని బెంచ్ మీద కూర్చోబెట్టి జీతం ఆపడం హెచ్-1బీలో రూలుకి విరుద్ధం, ఆ బెంచ్ మీద కూర్చున్నది ఓనరే అయినా సరే. లాభంలోంచి తీసుకున్న డబ్బు, ఓనరు వాడకం కింద తీసిన డబ్బు జీతంగా లెక్కకి రావు.

నా దగ్గర పద్దులున్న ఒకాయన సరిగ్గా ఇక్కడే దెబ్బ తిన్నాడు. మంచి ప్రోగ్రామరు, కష్టజీవి. మొదటి నాలుగు నెలలు పేరోల్ గడియారంలా నడిచింది. అయిదో నెలలో క్లయింటు బిల్లు ఆపాడు. 'మన కంపెనీయే కదండీ, నా జీతం నాకే కదా, రెండు నెలలు ఆపితే ఎవరడుగుతారు?' అన్నాడు. నేను వద్దన్నాను. వినలేదు, ఓనరు ఆయన. ఎక్స్‌టెన్షన్ వేసినప్పుడు ఎల్‌సీఏలో ఒక అంకె, డబ్ల్యూ-2లో (ఏడాది జీతం చూపే టాక్సు కాగితంలో) దానికంటే తక్కువ అంకె. ఆర్ఎఫ్ఈ, అంటే ఇంకా ఆధారాలు చూపమనే నోటీసు, వచ్చింది. అందులో అడిగిన ప్రశ్నకి ఆయన దగ్గర జవాబు లేదు, నా దగ్గరా లేదు. ఇల్లు అమ్ముకుని వెళ్ళిపోయాడు.

'నా సేవింగ్స్ కంపెనీలో పెట్టి, అందులోంచే జీతం తీసుకుంటాను' అంటారేమో. పెట్టండి, పెట్టుబడి అంటే అదే. కాకపోతే లెక్క తెలిసి పెట్టండి. ఆ డబ్బు మీకే జీతంగా తిరిగొచ్చేలోపు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కింద కంపెనీ వైపు 7.65 శాతం, మీ వైపు 7.65 శాతం పోతుంది. ఆపైన ఇన్‌కమ్ టాక్స్. బయటి క్లయింటు డబ్బు రాకుండా ఇలా ఎడం జేబులోంచి కుడి జేబులోకి మార్చుకుంటూ పోతే ఏడాది తిరిగేసరికి రెండు జేబులూ ఖాళీ. పైగా చూసే ఆఫీసరుకి ఇది నిజమైన ఉద్యోగమా, వీసా కోసం కట్టిన గుడారమా అన్న అనుమానం వస్తుంది. ఒక డాక్టరు, రెండు క్లినిక్కులు, అదీ నోటిమాట. ఇంతమాత్రంతో మీ జీతం వెళ్ళదు. ఎంత కాలానికి, ఎంత డబ్బుకి అన్నది సంతకాలున్న ఒప్పందంలో ఉండాలి. యూఎస్‌సీఐఎస్ ఆ ఒప్పందాలు చూపించమని అడగవచ్చు.

ఫారంలో హోదా 'సీఈవో' అని రాసుకోవాలని చాలామందికి సరదా. ఆ సరదా విజిటింగ్ కార్డు మీద తీర్చుకోండి. హెచ్-1బీ ఉద్యోగానికి ఫలానా డిగ్రీ కావాలి అని చూపించాలి, మీ రోజులో సగానికి మించిన సమయం ఆ పనిలోనే పోవాలి. మిగతా సమయంలో బిల్లులు పంపడం, క్లయింటుతో బేరమాడటం లాంటి ఓనరు పనులు చేసుకోవచ్చు, కొత్త రూలు దానికి ఒప్పుకుంది.

ఇందులో నవ్వొచ్చే ఘట్టాలు కూడా ఉన్నాయి. ఎల్‌సీఏ నోటీసు పనిచేసే చోట, అందరికీ కనబడేలా రెండుచోట్ల, పది రోజులు ఉంచాలి. ఆఫీసంటే మీ ఇంట్లో వెనక గది అయితే, మీ గోడకి మీరే నోటీసు అంటించి మీరే చదువుకోవాలి. ఉద్యోగంలో చేరే రోజుకల్లా ఎల్‌సీఏ కాపీ ఉద్యోగికి ఇవ్వాలి, అంటే మీకు మీరే ఇచ్చుకోవాలి. నవ్వుకుంటూనే చెయ్యండి, తేదీతో ఫోటో తీసి ఫైల్లో పెట్టండి. సైట్ విజిట్‌కి వచ్చినవాళ్ళు ఇంటి గడపలోకీ రావచ్చు. వచ్చినప్పుడు చూపించడానికి ఉండాలి.

ఇక రాత్రిళ్ళ కోడింగ్. జీతం తీసుకోలేదు కాబట్టి అది పని కాదన్న వాదన మీద ఆధారపడకండి. మరొకరైతే డబ్బిచ్చి చేయించుకోవలసిన పని, రేపు అమ్ముకునే సరుకు, కంపెనీ పేర తయారవుతోందంటే అది పనే. మీ హెచ్-1బీ ఇప్పుడున్న కంపెనీకి మాత్రమే. వాటాదారుగా ఉండవచ్చు, కంపెనీ రిజిస్టర్ చేయించవచ్చు, డబ్బు పెట్టవచ్చు. అక్కణ్ణుంచి గీత ఎక్కడుందో లాయరు దగ్గర కూర్చుని ముందే గీయించుకోండి. ఇప్పటి కంపెనీతో మీరు సంతకం పెట్టిన ఒప్పందం కూడా ఆ రోజు వెంట తీసుకెళ్ళండి. బయట రాసిన కోడు కూడా తమదేనని చెప్పే షరతు అందులో ఉంటే, డాక్టరుగారికి మీరు అమ్మబోయేది మీ సొత్తే కాదు.

ఇప్పుడు మీరు దాటేసిన ఆ చిన్న వాక్యం. మీ భార్యకి హెచ్-4 ఈఏడీ ఉంది. ఆవిడ ఈ రోజే కంపెనీ పెట్టి అందులో పనిచెయ్యవచ్చు, ఏ రూలూ అడ్డు రాదు. ఆవిడని మీరు 51 శాతం అంకెగా చూస్తున్నారు. ఆవిడ ఏం చదువుకున్నారో మీరు రాయనే లేదు. డాక్టరుగారితో మాట్లాడటం, ఒప్పందం రాయించడం, బిల్లింగ్ ఎలా జరుగుతుందో క్లినిక్కులో కూర్చుని నేర్చుకోవడం ఇవన్నీ ఆవిడ చెయ్యగలిగితే, మీ వీసా ప్రసక్తి లేకుండానే కంపెనీ నడక నేర్చుకుంటుంది. అప్పుడు ఆవిడ కంపెనీ మీకు హెచ్-1బీ వేస్తే మీకు మెజారిటీ వాటా ఉండదు కాబట్టి 18 నెలల గడువు కూడా వర్తించదు. కానీ అది నిజంగా జరగాలి. కాగితం మీద ఆవిడ, కుర్చీలో మీరు అయితే, బావమరిది బోర్డుకీ దీనికీ తేడా లేదు. ఆవిడ నిజంగా ఓనరయితే మిమ్మల్ని ఉద్యోగంలోంచి తీసేసే హక్కు ఆవిడకే ఉంటుంది. ఆ సంగతి ఇద్దరూ భోజనాల దగ్గర మాట్లాడుకోండి. ఈఏడీ రెన్యువల్ తేదీ కూడా చూసుకోండి, 2025 అక్టోబరు 30 నుంచి వేసిన రెన్యువల్స్‌కి ఆటోమేటిక్ పొడిగింపు లేదు. కార్డు ఆలస్యమైతే ఆవిడ పని ఆపాల్సిందే.

మీకు నేను చెప్పే వరస ఇది. ఇప్పటి ఉద్యోగం వదలకండి. రెండో హెచ్-1బీ పార్ట్‌టైమ్‌గా, వారానికి పదో పదిహేనో గంటలకి వేయించండి. ఇలా ఒకేసారి రెండు కంపెనీలకి పనిచెయ్యడానికి చట్టం ఒప్పుకుంటుంది. గంటకి కట్టవలసిన రేటు కట్టాల్సిందే, కానీ పది గంటల జీతం డాక్టరుగారి రెండు క్లినిక్కులు మొయ్యగలవు. ఒకవేళ డినయల్ వచ్చినా మీ కింద నేల ఉంటుంది.

గ్రీన్ కార్డుకి మాత్రం ఈ దారి పనికిరాదనుకోండి. గ్రీన్ కార్డు దారిలో మొదటి మెట్టయిన పెర్మ్‌లో ఆ ఉద్యోగం అమెరికన్లకి నిజంగా తెరిచి ఉందని చూపించాలి, ఓనరుకి పెట్టిన ఉద్యోగం ఎవరికి తెరిచి ఉంటుంది? మీ ఐ-140 అప్రూవ్ అయి 180 రోజులు ఎప్పుడో దాటాయి. పాత కంపెనీ వెనక్కి తీసుకున్నా మీ ప్రయారిటీ డేట్ (గ్రీన్ కార్డు వరసలో మీ చోటు చెప్పే తేదీ) పోదు, హెచ్-1బీ ఆరేళ్ళ పరిమితి దాటిన ఎక్స్‌టెన్షన్లకీ ఆ ఐ-140 పనికొస్తుంది. సాఫ్ట్‌వేర్ నిలబడ్డాక ఎన్ఐడబ్ల్యూ (దేశానికి పనికొచ్చే పని అని చూపించి వేసే గ్రీన్ కార్డు అర్జీ) గురించి ఆలోచించవచ్చు, దానికి కంపెనీ అక్కర్లేదు, మీకు మీరే వేసుకోవచ్చు.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఉంటాను. ఇక్కణ్ణుంచే అమెరికాలోని డెలావేర్‌లో ఎల్ఎల్‌సీ (ఒక రకం చిన్న కంపెనీ) తెరిచి, దాని ద్వారా నాకు హెచ్-1బీ వేయిస్తామని ఒక ఏజెంటు చెబుతున్నాడు. నమ్మవచ్చా?

జవాబు: ఎల్ఎల్‌సీ తెరవడం వరకు నమ్మండి, దానికి వీసాతో పని లేదు. ఆ తర్వాత మీరు లాటరీలో నిలబడాలి. ఇప్పుడది జీతం లెవెల్ని బట్టి నడుస్తోంది, ఒకటో లెవెల్‌కి ఒక చీటీ, నాలుగో లెవెల్‌కి నాలుగు. చీట్ల కోసం నాలుగో లెవెల్ జీతం రాసుకుంటే కంపెనీ ఆ జీతమే ఇవ్వాలి. మీరు అమెరికా బయట ఉన్నారు కాబట్టి లక్ష డాలర్ల ఫీజు కూడా ఉంది. ఏజెంటు మీకు చెప్పినవాటిలో ఈ అంకె ఉందేమో చూడండి. పెట్టుబడిదారులకిచ్చే ఈ-2 వీసా ఇండియా పౌరులకి లేదు. మీకు ఇండియాలో నిజంగా నడుస్తున్న కంపెనీ ఉండి, గత మూడేళ్ళలో ఒక ఏడాది అందులో మేనేజరుగా పనిచేసి ఉంటే ఎల్-1ఏ (మేనేజర్లని అమెరికా ఆఫీసుకి బదిలీ చేసే వీసా) గురించి అడగండి. కొత్త ఆఫీసుకి మొదట ఒక ఏడాదే ఇస్తారు.

ప్రశ్న: నేను ఓపీటీలో (చదువయ్యాక విద్యార్థులకిచ్చే పని అనుమతిలో) ఉన్నాను, సొంత కంపెనీలో పనిచేసుకోవచ్చా? సైన్సు, ఇంజనీరింగ్ లాంటి డిగ్రీలవాళ్ళకి దాన్ని పొడిగించే స్టెమ్ ఓపీటీలో కూడానా?

జవాబు: మొదటి ఏడాది ఓపీటీలో చేసుకోవచ్చు, మీ డిగ్రీకి సంబంధించిన పనే అయి ఉండాలి. స్టెమ్ ఓపీటీలో మీకు మీరే యజమాని కావడం కుదరదు. ఐ-983 అనే ట్రైనింగ్ ఫారంలో మీకు పని నేర్పే యజమాని సంతకం పెట్టాలి, కంపెనీ ఈ-వెరిఫైలో (ఉద్యోగుల పని అనుమతిని సరిచూసే ప్రభుత్వ పద్ధతిలో) ఉండాలి. మీ స్నేహితుడి చేత ఆ సంతకం పెట్టించే ఆలోచన ఉంటే, పైన బావమరిది బోర్డు గురించి రాసింది ఇంకోసారి చదవండి.