కాళ్లు ఎగిరిపడుతున్నాయంటే నరాలు తిరిగొస్తున్నట్టేనా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి దగ్గర పల్లె. తమ్ముడు ఎనిమిది నెలల కిందట కవిటిలో కొబ్బరిచెట్టు మీంచి పడ్డాడు, వెన్నుపాము దెబ్బతింది. కాళ్లకి స్పర్శ లేదు, కానీ లుంగీ మార్చినా దుప్పటి లాగినా బిగుసుకుని ఎగిరిపడతన్నాయి. ప్రాణం వస్తందని అమ్మ సంబరపడతాది. బిగుతు తగ్గడానికిచ్చిన బాక్లోఫెన్ మాత్రలు రోజుకి మూడు వేస్తుంటే ఎప్పుడూ మత్తే. ఆపేయొచ్చా డాక్టరు గారూ?

జవాబు: ఆపొద్దమ్మా, మీ అంతట మీరు అస్సలు ఆపొద్దు. సడన్‌గా మానేస్తే బిగుతు ఇంకా పెరిగి జ్వరం, లేనివి కనపడ్డం, ఫిట్స్ దాకా పోవచ్చు. తగ్గించాలంటే రాసిన డాక్టరే మెల్లగా తగ్గించాలి.

ఇక అమ్మగారి సంబరం. మీరు అడగ్గానే తమ్ముడు కావాలని బొటనవేలు కదిపితే అది వేరే సంగతి, దుప్పటి తగిలి ఎగిరితే మాత్రం కోలుకుంటున్నట్టు కాదు. చర్మం నుంచి, కండ నుంచి వచ్చే నరం వెన్నుపాములో తన చివర ఒక రసాయనం వదిలి కబురు అందిస్తుంది, మామూలుగా అయితే ఆ చివరనే పట్టుకుని కొన్ని చిన్న కణాలు గాబా అనే ఇంకో రసాయనం వదిలి కబురు దాటకముందే తగ్గించేస్తాయి. అంటే నీళ్లు మడిలోకి వచ్చేశాక గట్టు వేయడం కాదు, చెరువు తూము దగ్గరే బిగించడం. దీన్నే ప్రీసినాప్టిక్ ఇన్హిబిషన్ అంటాం, 1957లో ఫ్రాంక్, ఫ్యుయోర్టెస్ అనేవాళ్లు పిల్లుల వెన్నుపాములో కనిపెట్టారు. గుడ్డ రాసుకున్న ప్రతిసారీ మన కాలు గంతేయదంటే ఈ తూము కూడా ఒక కారణం. దాన్ని ఎంత బిగించాలో చాలావరకు మెదడే చెప్తుంది, తమ్ముడికి ఆ దారి దెబ్బతింది కాబట్టి తూము వదులైపోయింది. బాక్లోఫెన్ చేసేది ముఖ్యంగా ఆ నరాల చివర్లలోకి కాల్షియం వెళ్లకుండా తగ్గించి రసాయనం తక్కువ వదిలేలా చూడ్డమే.

తమ్ముడి మత్తు బాక్లోఫెన్ వల్లే కావచ్చు, కానీ నాకు ఇంకో అనుమానం ఉంది. ఈ మందు ఎక్కువగా కిడ్నీల గుండానే బయటికి పోతుంది, కవిటి అంటే ఉద్దానం కదా, అక్కడి కిడ్నీ జబ్బుల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. కిడ్నీ మందగిస్తే మామూలు డోసు కూడా ఒంట్లో పేరుకుపోతుంది. ఈ వారమే కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తం టెస్ట్ చేయించండి. అయోమయంగా మాట్లాడినా, లేపితే లేవకపోయినా టెస్ట్ కోసం చూడొద్దు, బరంపురమో శ్రీకాకుళమో ఏది దగ్గరైతే అక్కడికి మందు స్ట్రిప్‌తో సహా తీసుకెళ్లండి.

బిగుతు ఉన్నట్టుండి పెరిగితే యూరిన్ ఇన్ఫెక్షన్, మలబద్ధకం, పిర్రల మీద పుండు ఉన్నాయేమో చూడండి, స్పర్శ లేదు కాబట్టి తనకి తెలీదు. నా దగ్గరికొచ్చిన ఒకతనికి బొటనవేలి గోరు కండలోకి దిగింది, మాత్రలు రెండుసార్లు పెంచేదాకా ఎవరూ సాక్స్ విప్పి చూడలేదు.