ఆ నంబరు నొక్కడానికి నాకు 5 నెలలు పట్టింది

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదీ: అంగస్తంభన సరిగా ఉండటం లేదు, ఒంగోల్లో ఒక డాక్టరు నంబరు సంపాదించావు, పది రోజులుగా ఫోన్ చేస్తున్నావు, అవతల ఆడమనిషి "హలో" అనగానే గొంతు ఎండిపోయి కట్ చేస్తున్నావు, ఈ భయం ఎట్లా పోతుంది అని. నేను నెల్లూరు పక్కన ఇందుకూరుపేట మండలంలో రొయ్యల గుంటల మీద పని చేస్తుంటాను. నాకూ అచ్చం ఇదే జరిగింది, అందుకే తీరిగ్గా రాస్తున్నా. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

నాకు పెళ్లయిన రెండేళ్లకి మొదలైంది. మొదట్లో అలసట అనుకున్నా. గుంటలో రొయ్య ఉన్నన్నాళ్లూ రాత్రి రెండింటికి లేచి నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతున్నాయో లేదో చూసుకోవాలి, తెల్లారగానే చెక్ ట్రేలు ఎత్తి మేత ఎంత మిగిలిందో చూడాలి, ఒళ్లు హూనమైపోతుంది కాబట్టి అదే కారణమని సర్దిచెప్పుకున్నా. రొయ్యల పట్టుబడి అయిపోయి ఖాళీగా ఇంట్లో ఉన్న రోజుల్లో కూడా అంతే ఉండేసరికి భయం పట్టుకుంది. డాక్టరు నంబరుకి కష్టపడలేదు, నెల్లూరులో పొగతోటకి పోతే ఎటు చూసినా ఆసుపత్రి బోర్డులే కదా. ఒక బోర్డుని ఫోటో తీసుకున్నా. ఆ ఫోటో నా ఫోన్‌లో 5 నెలలు అట్లాగే ఉంది.

ఆ 5 నెలల్లో నేను చేసిన తప్పు ముందు చెప్తా, ఎందుకంటే నువ్వు ఇప్పుడు సరిగ్గా అక్కడే ఉన్నావు. ఫోన్ చేయక్కర్లేని చోటికి పోయా. గోడల మీద రాసుంటుంది చూడు, ఫలానా తేదీన ఫలానా లాడ్జిలో వైద్యుడు ఉంటాడు, గ్యారంటీ అని. పేరు అడగరు, అపాయింట్‌మెంట్ లేదు, మెట్లెక్కితే చాలు. అతను నాడి పట్టుకుని, చిన్నప్పటి అలవాటు వల్ల నరాలు చచ్చుబడ్డాయని తేల్చేసి (ఇది పచ్చి అబద్ధం, హస్తప్రయోగం వల్ల నరాలు పోవు), 40 రోజులకి ఒక పొడుం, ఒక నూనె సీసా చేతిలో పెట్టి 8,500 తీసుకున్నాడు. బీపీ చూడలేదు, రక్త పరీక్ష రాయలేదు, ఇంట్లో ఎవరికైనా సుగర్ ఉందా అని అడగలేదు. పొడుం రెండు పూటలా తేనెలో కలుపుకుని తినమన్నాడు, 40 రోజులూ తప్పకుండా తిన్నా. అప్పటికే నాకు సుగర్ ఉంది. ఆ సంగతి నాకు తెలియదు, తెలుసుకోవాలన్న ఆలోచన అతనికి లేదు. తేనె ముట్టుకున్నప్పుడల్లా నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

చివరికి మా ఇంటావిడ కదిలించింది. 2021 నవంబరులో పెన్నా పొంగి కోవూరు వైపు హైవే తెగిపోయింది చూడు, అది సర్దుకున్నాక ఫిబ్రవరిలో ఒక రోజు పొద్దున, నేను ఫోన్ చేతిలో పెట్టుకుని వరండాలో కూర్చుంటే పక్కనొచ్చి కూర్చుంది. "జ్వరమొస్తే ఫోన్ చేసి పేరు రాయించుకోమా, ఇదీ అంతే. మీరు చేయలేకపోతే నేను చేసి మీ పేరు రాయిస్తా" అంది. ఆమె అలా అన్నాక నేనే ఆలోచించా, అసలు నేను దేనికి భయపడుతున్నానా అని. డాక్టరుకి కాదు. ఆయన రోజూ ఇవే చూస్తాడని నాకూ తెలుసు. నా భయమంతా కౌంటర్లో అమ్మాయి "ప్రాబ్లమ్ ఏంటి సార్" అని అడిగితే ఏం చెప్పాలా అన్నదే. ఆ ఒక్క ప్రశ్నకి జవాబు లేకపోవడం వల్ల 5 నెలలు పోయాయి, 8,500 పోయింది.

కాబట్టి నువ్వు చేయాల్సింది ధైర్యం తెచ్చుకోవడం కాదు తమ్ముడూ, ఆ ఒక్క ప్రశ్నకి జవాబు ముందే తయారుగా పెట్టుకోవడం. ఫోన్ ఎత్తినవాళ్లకి కావలసింది నీ పేరు, వయసు, కొత్త పేషెంటా పాతా, ఎప్పుడు వస్తావు, ఇంతే. జబ్బు వాళ్లకి చెప్పాల్సిన పని లేదు. నేను మేత బిల్లు ఒకటి వెనక్కి తిప్పి దాని మీద పెన్నుతో రెండు వాక్యాలు రాసుకున్నా. "డాక్టర్ గారికి చూపించుకోవాలండీ, రేపటికి పేరు రాస్తారా." దాని కింద, "పర్సనల్ ప్రాబ్లమ్ అండీ, డాక్టర్ గారికే చెప్తాను." ఆ కాగితం తీసుకుని గుంటల దగ్గరికి పోయా, ఇంట్లో అయితే అమ్మ వింటుందని. గట్టు మీద ఏరేటర్ల చప్పుడుకి ఏమీ వినపడదు కాబట్టి అవతల తాటిచెట్ల దాకా నడిచి, అక్కడ నొక్కా. చెయ్యి వణుకుతుంటే కాగితం కూడా వణికింది, అక్షరాలు కనపడక దాన్ని చెట్టుకి ఆనించి పట్టుకున్నా.

"చెప్పండన్నా" అంది ఆ అమ్మాయి. మొదటి వాక్యం చదివేశా. "పేరు? వయసు? ముందెప్పుడైనా వచ్చారా?" చెప్పా. "ఏం ప్రాబ్లమ్ అన్నా, రాళ్లా?" అంది. రెండో వాక్యం చదివా. "సరే అన్నా, రేపు పదకొండుకి రండి, మీది 14వ నంబరు" అని పెట్టేసింది. తర్వాత కాల్ లిస్టులో చూస్తే 43 సెకన్లు.

ఆమె "రాళ్లా" అని ఎందుకు అడిగిందో చెప్తా, అది నీకూ పనికొస్తుంది. నేను ఫోటో తీసుకున్నది యూరాలజిస్టు బోర్డు, అంటే మూత్రవ్యాధుల నిపుణులు. అక్కడ బెంచీల మీద కూర్చునేవాళ్లలో కిడ్నీలో రాళ్లవాళ్లు, ప్రోస్టేట్ వాపుతో వచ్చిన పెద్దవాళ్లు, మూత్రంలో మంట ఉన్న ఆడవాళ్లు అందరూ ఉంటారు. నువ్వెందుకొచ్చావో నీ పక్కనున్న మనిషికి తెలిసే దారే లేదు. నీ సమస్యకి యూరాలజిస్టు దగ్గరికి పోవచ్చు, యూరాలజిస్టు కుదరకపోతే మామూలు ఎం.డి. ఫిజీషియన్ దగ్గర మొదలుపెట్టినా తప్పు లేదు. ఎందుకంటే చాలామందిలో దీని వెనక సుగరో, బీపీయో, రక్తనాళాలు ఇరుకవడమో, టెన్షనో, వేరే జబ్బుకి వాడే మాత్రలో ఉంటాయి.

టైము విషయానికొస్తే, ఓపీ మొదలవడానికి ఓ గంట ముందు చెయ్యి, అప్పుడు కౌంటరు దగ్గర జనం ఉండరు, ఎత్తినవాళ్లు నిదానంగా మాట్లాడతారు. ఫీజు ఎంతో కూడా అప్పుడే అడిగేయ్. మాట్లాడుతూ మధ్యలో కట్ చేసేశావనుకో, రేపటికి వాయిదా వేయొద్దు, రెండు నిమిషాలాగి మళ్లీ చెయ్, సిగ్నల్ పోయిందనుకుంటారు. వాళ్లే తిరిగి చేస్తే ఎత్తి ఆ మొదటి వాక్యం చదివేయ్, సగం పని వాళ్లే చేసి పెట్టినట్టు. కొన్ని చోట్ల వాట్సాప్‌లో పేరు పంపినా రాసుకుంటారు, అది ఉంటే ఇంకా తేలిక. గొంతు బొత్తిగా పెగలడం లేదంటే ముందు 14416కి ఫోన్ చేసి చూడు. అది టెలీ మానస్, ప్రభుత్వం 2022లో పెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు, ఏ వేళప్పుడైనా ఎత్తుతారు. ఈ భయం గురించే వాళ్లతో మాట్లాడొచ్చు. ఒక తెలియని మనిషితో ఒకసారి నోరు విప్పాక రెండోసారి అంత బరువుండదు.

నువ్వు చివర్లో ఒక ముక్క రాసి వదిలేశావు, రెండు నెలల కిందట హైదరాబాదు పోయినప్పుడు తెలియని మనిషితో జాగ్రత్త లేకుండా కలిశానని, అప్పట్నించే ఇట్లా ఉందేమోనని. దాన్ని విడిగా పట్టించుకో. నీ స్తంభన సమస్య దానివల్లే అని అనుకోవడానికి లేదు, ఆ దిగులే నిన్ను కుంగదీస్తూ ఉండొచ్చు కూడా. కానీ పరీక్ష మాత్రం చేయించుకో. అట్లాంటిది జరిగిన 72 గంటల లోపు అయితే హెచ్‌ఐవీ రాకుండా 28 రోజుల మందులుంటాయి, నీకు ఆ గడువు దాటిపోయింది కాబట్టి మిగిలింది పరీక్షే. ఒంగోలు రిమ్స్ అని పిలుచుకునే పెద్దాసుపత్రిలో ఐసీటీసీ, అంటే హెచ్‌ఐవీ పరీక్ష చేసే కేంద్రం, ఎక్కడని అడుగు, ఉచితంగా చేస్తారు, ముందూ తర్వాతా కౌన్సెలర్ కూర్చోబెట్టి మాట్లాడతారు. ఇప్పుడు నెగెటివ్ వచ్చినా మూడు నెలలు నిండాక ఇంకోసారి చేయించుకుంటే అనుమానం పూర్తిగా తీరిపోతుంది. సిఫిలిస్ లాంటి మిగతా సుఖవ్యాధుల సంగతి కూడా అక్కడే అడుగు, వాటికి సురక్షా క్లినిక్‌కి పంపుతారు. నీ ఫలితం నీ అనుమతి లేకుండా బయటపెట్టకూడదని 2017లో చట్టమే చేశారు. ముందు ఫోన్లో అడగాలనుకుంటే 1097 ఉంది, అది హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్, అదీ ఉచితమే, అక్కడ పేరు చెప్పక్కర్లేదు.

మెడికల్ షాపులో నీ అంతట నువ్వు స్తంభనకి మాత్ర కొనుక్కోవడం మాత్రం వద్దు. ఛాతీ నొప్పికి నైట్రేట్ మందులు వాడేవాళ్లు ఆ మాత్రలు వేసుకుంటే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. నీ వయసులో అవి వాడుతుండకపోవచ్చు, అయినా కారణం తెలియకుండా మాత్ర వేసుకుంటే లోపలున్న జబ్బు అట్లాగే ఉండిపోతుంది.

నా సంగతి అదే అయింది. డాక్టరు బీపీ చూసి, పరగడుపున రక్తమిచ్చి రమ్మన్నారు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో నాకు 9.2 వచ్చింది, 6.5 నుంచే సుగర్ కింద లెక్క. 31 ఏళ్లకి. సుగర్ ఎక్కువున్నన్నాళ్లూ సన్న రక్తనాళాలూ నరాలూ దెబ్బతింటాయని, కొందరిలో అది ముందు ఇక్కడే బయటపడుతుందని ఆయన కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. సుగర్‌కి మాత్రలు, రోజూ నడక, రాత్రి అన్నం తగ్గించడం, దాంతోపాటు దీనికో మాత్ర కొన్నాళ్లు. కుదుటపడటానికి ఏడెనిమిది నెలలు పట్టింది, ఒక్కరోజులో ఏమీ మారలేదు.

ఇంకొకటి మర్చిపోయా. ఫోన్ గండం దాటాక గదిలోకి పోయి డాక్టరు ముందు కూర్చున్నాక మళ్లీ నోరు పెగల్లేదు నాకు. "ఏంటయ్యా" అని ఆయన రెండుసార్లు అడిగారు. జేబులో అదే మేత బిల్లు ఉంది, ఆటోలో వస్తూ దాని మీద మూడో వాక్యం కూడా రాసుకున్నా, సమస్య ఏంటో, ఎన్నాళ్ల నుంచో. అది తీసి బల్ల మీద పెట్టా. ఆయన చదివి, మడిచి నాకే ఇచ్చేసి, "పొద్దున నిద్ర లేచేటప్పుడు ఎట్లా ఉంటోంది" అని మామూలుగా అడగడం మొదలుపెట్టారు. నువ్వూ ఆ మూడు వాక్యాలు ఈ రాత్రికే రాసి పెట్టుకో.