అయిదు వేల బ్యాటరీ కోసం కారు అమ్మేయాలా?

ప్రశ్న: ఏటా అయిదు నెలలు డల్లాస్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటాం. కారు మియాపూర్‌లో అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనే ఉంటుంది. రెండేళ్లుగా తిరిగొచ్చేసరికి బ్యాటరీ డెడ్. రెండుసార్లూ 5,000 పెట్టి కొత్తది వేయించాను. 4,000 పెట్టి బ్యాటరీ మెయింటెయినర్ కొనమంటున్నారు. కొనాలా, కారే అమ్మేయాలా? మేం లేనప్పుడు ఇన్సూరెన్స్ కట్టడం దండగ కదా?

జవాబు: ముందు ఒక మాట అడుగుతాను. పాతవి పారేసే ముందు చార్జింగ్ పెట్టించి చూశారా? కొన్ని తేరుకుంటాయి, కొన్ని వందలతో పోయేది.

తాళం వేసిన కారు కూడా అలారం, సెంట్రల్ లాక్ కోసం 30 మిల్లీ ఆంపియర్ల దాకా లాగుతూనే ఉంటుంది. 35 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే బ్యాటరీలో పట్టే చార్జి లెక్క) బ్యాటరీ అయితే యాభై రోజులకే ఖాళీ. అలా ఖాళీగా నెలల తరబడి పడి ఉంటే లోపలి ప్లేట్లు పాడైపోతాయి.

మెయింటెయినర్ అంటే బ్యాటరీకి తగిలించి ప్లగ్‌లోనే ఉంచేసే చిన్న చార్జర్. బ్యాటరీ నిండగానే కరెంటు తగ్గించేసుకుంటుంది. మామూలు చార్జర్ ఆ పని చేయదు, దాన్ని నెలల తరబడి వదిలేయొద్దు. అయిదు నెలలకు కరెంటు ఇరవై యూనిట్లకు మించదు, అంటే 150 రూపాయల లెక్క. ఒక్క ట్రిప్పుకే దాని ఖరీదు తీరిపోతుంది. ముందు ఎర్ర క్లిప్ ప్లస్‌కి, నల్లది మైనస్‌కి లేదా ఇంజన్ దగ్గరి ఇనుప భాగానికి పెట్టి, ఆ తర్వాతే స్విచ్ వేయాలి. తీసేటప్పుడు ముందు స్విచ్ ఆపాలి.

అయినా మీకు నేను అది కొనమనను. సెల్లార్‌లో ప్లగ్ ఉంటే అది సాధారణంగా అసోసియేషన్ మీటర్ మీదే ఉంటుంది. పైగా మనుషులు లేని చోట అయిదు నెలలు వైరు వదిలి విమానం ఎక్కితే మీకు నిద్ర పట్టదు. వెళ్లే రోజు పది నంబర్ స్పానర్‌తో మైనస్ టెర్మినల్ విప్పేయండి. ఖర్చు సున్నా. రిమోట్ పనిచేయదు కాబట్టి తాళంచెవితో లాక్ చేయండి. నిండుగా చార్జ్ అయిన, వయసు మళ్లని బ్యాటరీ అయితే చాలావరకు నిలుస్తుంది. సొంత ఇల్లు, సొంత ప్లగ్ ఉన్నవాళ్లయితే మెయింటెయినర్ నిశ్చింతగా కొనుక్కోవచ్చు.

ఇన్సూరెన్స్ మాత్రం ఆపకండి. 2020 అక్టోబరు వానలకు హైదరాబాద్‌లో సెల్లార్లలో మునిగిన కార్లు గుర్తున్నాయిగా? నిలబెట్టిన కారుకూ ప్రమాదం ఉంటుంది. పాలసీ ముగిసిన 90 రోజుల్లో రెన్యూ చేయకపోతే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోతుంది. 50 శాతం బోనస్ ఉన్నవాళ్లకు ఓన్ డ్యామేజ్ ప్రీమియం (మన కారుకు జరిగే నష్టం కోసం కట్టే భాగం) ఒక్కసారిగా రెట్టింపవుతుంది.

ఇక అమ్మకం. బ్యాటరీ కోసమైతే అమ్మొద్దు. మిగతా ఏడు నెలల్లో ఎన్ని కిలోమీటర్లు తిరుగుతున్నారో మీరు రాయలేదు, నా లెక్క అక్కడే ఆగింది. 2,000 కిలోమీటర్లకు మించకపోతే క్యాబ్‌కి కిలోమీటరుకు 20 చొప్పున 40,000. దాని పక్కన మీ బీమా, సర్వీసు, పెట్రోలు, ఏటా తగ్గే కారు విలువ రాసుకుని చూడండి. అమ్మే పక్షంలో బీమా కంపెనీ నుంచి బోనస్ లెటర్ తీసుకోండి. మూడేళ్లలోపు మరో కారు కొంటే దానికి వాడుకోవచ్చు.