తాతగారి ప్లేట్లను బ్లూటూత్ స్పీకరులో వినబోయే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

తాతగారి గ్రామఫోను ప్లేట్ల, అంటే రికార్డుల, పెట్టెను తెనాలి నుంచి హైదరాబాదు తెప్పించుకున్నావనీ, వాటిని బ్లూటూత్ స్పీకరులో వినడానికి ప్లేయరు కొనబోతున్నావనీ మీ నాన్న ఫోనులో చెప్పాడు. మేమెవరమూ అటక మీది నుంచి దించని పెట్టెను మనవరాలు అడిగి మరీ తీసుకువెళ్లినందుకు నాకెంత గర్వంగా అనిపించిందో, నువ్వు కొనదలచిన సామానులో రికార్డులు తుడిచే స్పిరిట్ సీసా కూడా ఉందని విన్నాక అంత గుండె గుభేలుమంది. నేను ఫోనులో చెప్పేవి నువ్వు ఊఁ కొట్టి మరిచిపోతావు కనుక ఉత్తరం రాస్తున్నాను.

స్పీకరు సంగతి ముందుగా చెప్పేస్తాను. రికార్డు గాడిలో ప్లేయరు ముల్లు కదిలినప్పుడు పుట్టే విద్యుత్తు సాధారణంగా నాలుగైదు మిల్లీవోల్టులే. దానిని సుమారు వంద రెట్లు పెంచితే తప్ప ఏ స్పీకరుకూ పనికిరాదు. పైగా రికార్డు తయారుచేసేటప్పుడు మంద్రధ్వనులను తగ్గించి, తారధ్వనులను పెంచి గాడి కోస్తారు కాబట్టి, వినేటప్పుడు ఆ హెచ్చుతగ్గులను తిరగేసి సరిచేయాలి. ఈ రెండు పనులూ చేసేది ఫోనో ప్రీయాంప్. బ్లూటూత్ ఉన్న ప్లేయరు కొంటే అది లోపలే ఉంటుంది. ఆ రెండూ లేని ప్లేయరు కొంటే ప్రీయాంప్‌నూ, దాని తరువాత బ్లూటూత్ ట్రాన్స్‌మిటరునూ తగిలించాలి. పాటను పంపే ట్రాన్స్‌మిటరుకు బదులు, చూడడానికి ఒకేలా ఉండి పాటను అందుకునే రిసీవరును తెచ్చుకుని స్పీకరు పలకడం లేదని తల పట్టుకునే వాళ్లు చాలామంది ఉన్నారు. ప్లేయరు వెనుక ఫోనో, లైన్ అని మీట ఉంటే, లోపలి ప్రీయాంప్‌ను వాడుకునేటప్పుడు దానిని లైన్ వైపు పెట్టాలి. స్పీకరును జత చేసేటప్పుడు నీ ఫోనులో బ్లూటూత్ ఆపెయ్యి; లేకపోతే స్పీకరు పాత అలవాటు కొద్దీ ఫోనునే పట్టుకుంటుంది, ప్లేయరు వైపు తిరిగి చూడదు.

రికార్డు పాటను బ్లూటూత్‌లో వినడం అపచారమని నా స్నేహితులు కొందరు అంటారు. గాలిలో పంపడానికి ధ్వనిని అంకెలుగా మార్చి కుదిస్తారన్నది నిజమే, కానీ నాకంత పట్టింపు లేదు. తాతగారి పెట్టెలో ఉన్నవన్నీ దాదాపు మోనో రికార్డులే, అంటే కుడి ఎడమల తేడా లేకుండా ఒకే ధ్వని ఉన్నవే కనుక, నీకు ఒక్క స్పీకరు ఉన్నా పోయేదేమీ లేదు. దానిని ప్లేయరున్న బల్ల మీద మాత్రం పెట్టకు. స్పీకరు అదురు బల్ల గుండా ముల్లుకు చేరి, మళ్లీ స్పీకరులోకే వచ్చి, గుయ్యిమనే రొద పెరుగుతూ పోతుంది. తీగ లేని స్పీకరుతో ఉన్న సుఖమే ఎక్కడైనా పెట్టుకోగలగడం. గది అవతలి మూలన పెట్టుకో.

ఇక నా అసలు భయం ప్లేట్ల గురించి. ఆ పెట్టెలో రెండు జాతులున్నాయి. పన్నెండు అంగుళాల వెడల్పుతో, పట్టుకుంటే కొంచెం వంగేవి ఎల్పీలు. వాటిని వినైల్ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు. పది అంగుళాలు ఉండి, బరువుగా, చేయి జారితే పెంకుల్లా పగిలిపోయేవి నిమిషానికి 78 చుట్లు తిరిగే 78 ప్లేట్లు, అవి లక్కవి. కొత్త ప్లేయర్లలో చాలావాటికి 33, 45 వేగాలే ఉంటాయి కాబట్టి 78 కూడా ఉన్నదే చూసి కొను. ఎల్పీ ముల్లుతో 78 ప్లేటు వేయకు; దాని గాడి సుమారు నాలుగింతల లావు ముల్లు కోసం కోసినది. సూట్‌కేసు ఆకారంలో ముచ్చటగా అమ్మే చవక ప్లేయర్ల జోలికి వెళ్లకు. మంచి ప్లేయరులో ముల్లు రెండు గ్రాముల బరువుతో ఆనితే, వాటిలో కొన్ని ఐదు గ్రాముల దాకా మోపుతాయి.

స్పిరిట్ మాట వినగానే నేనెందుకు ఉలిక్కిపడ్డానో చెబుతాను. మీ తాతగారంత జాగ్రత్తపరుడిని నేను చూడలేదు. ప్లేటును అంచులు పట్టుకునే తీసేవారు. మేము పిల్లలం వేలు పెడితే వేలి మీదే ఒకటి పడేది. ఒక శ్రీరామనవమికి పందిట్లో వేయడానికి పద్యాల ప్లేట్లు దించి చూస్తే, ఆ ఏటి వానలకు వాటికి బూజు పట్టి ఉంది. నీళ్లతో తుడిస్తే గాళ్లలో చెమ్మ నిలుస్తుందని ఆలోచించి, కాంపౌండరు దగ్గర చిన్న సీసాతో స్పిరిట్ తెప్పించారు. పాత పంచె చింపి, స్పిరిట్‌లో ముంచి, గాడి వెంట గుండ్రంగా, ఎంతో ఓపికగా తుడిచారు. గుడ్డ నల్లబడింది. "చూశావురా, ఎంత మురికి పట్టి ఉందో!" అని నాకు చూపించి, సంతోషంగా ఇంకాస్త ఒత్తి తుడిచారు. ఆ నలుపు మురికి కాదు, ప్లేటే. ఆరిన తరువాత చూస్తే వాటి నిగనిగ పోయి, మసకబారి ఉన్నాయి. ముల్లు పెడితే రేకుల కప్పు మీద వాన కురిసినట్టు రొద వినిపించింది. ఆ రొద వెనుక ఎక్కడో హార్మోనియం, అంతకంటే దూరంగా పద్యం. ఆ సాయంత్రం మా తలుపులకు పాలిష్ వేసే వడ్రంగి వచ్చి సంగతి విని, "అయ్యగారూ, మేము లక్కను కరిగించేదే స్పిరిట్‌లో కదండీ!" అన్నాడు. మీ తాతగారు మాట్లాడలేదు. ఆ ఏడు పందిట్లో పద్యాలు వేయలేదు, ఎందుకని ఎవరు అడిగినా మిషను పాడయిందన్నారు. ఆ ప్లేట్లను పారేయలేక గుడ్డలో చుట్టి పెట్టె అడుగున పెట్టుకున్నారు. నీకు కనిపించే ఉంటాయి. వాటిని నువ్వూ పారేయకు.

నువ్వు కొనే సీసా మీద వినైల్‌కు మంచిదని రాసి ఉంటే అది అబద్ధం కాదు; నీళ్లు కలిపిన ఆల్కహాలుతో ఎల్పీలను తుడవవచ్చు. కానీ ఒకే పెట్టెలో రెండు రకాలుండగా, ఆదివారం పొద్దున్న హుషారులో చేయి దేని మీదకు పోతుందో ఎవరికి తెలుసు? ఆ సీసా అసలు ఇంట్లోకి తేవద్దు. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటరుతో మెత్తని గుడ్డ తడిపి, లేబులు తడవకుండా తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి ముల్లు పెట్టు. ప్లేట్లను నిలువుగానే పేర్చు, ఎండ తగలనివ్వకు.

ముందు ఎల్పీలతో మొదలుపెట్టు. 78లకు వేరే ముల్లు తెప్పించాక, దానిని మార్చే ముందు నాకు వీడియో కాల్ చెయ్యి, దగ్గరుండి చెబుతాను. మీ నాన్నకు మాత్రం ముల్లు ఎత్తే పని అప్పగించకు. వాడి చేయి చిన్నప్పటి నుంచీ మోటు.

ఇట్లు,
మీ పెదనాన్న