సమాధానం: సిగ్నల్ దగ్గర కదిలేటప్పుడు యాక్టివా అదురుతోంది

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఆగి కదిలేటప్పుడు బండి గడగడ అదురుతోందనీ, 20 కి.మీ. వేగం దాటితే మామూలైపోతోందనీ రాశారు. అది ఇంజిన్ తప్పు కాదు, క్లచ్ షూలది (ఇంజిన్ వేగం పెరిగితే విచ్చుకుని, చుట్టూ ఉన్న గిన్నెలాంటి డ్రమ్మును పట్టుకుని వెనక చక్రాన్ని తిప్పే ముక్కలు). అన్ని వేగాల్లోనూ అదిరితే టైరు, బేరింగ్ చూడమనేవాణ్ణి.

రద్దీలో బ్రేకు నొక్కి ఉంచి యాక్సిలరేటర్ కొంచెం తిప్పి పట్టుకుంటే షూలు డ్రమ్ముకి రాసుకుని వేడెక్కుతాయి. వాటి ముఖం అద్దంలా నున్నబడుతుంది. అందుకే ఒకసారి పట్టి, ఒకసారి జారుతుంది.

ఎడమవైపు కవర్ విప్పించి డ్రమ్ము తీయించండి. దాని నట్టు విప్పాలంటే డ్రమ్మును కదలకుండా పట్టే హోల్డర్ గానీ ఇంపాక్ట్ గన్ (నట్టు విప్పే మెషిన్) గానీ కావాలి. స్క్రూడ్రైవర్ దోపి కొడితే డ్రమ్ము అంచు వంగుతుంది, అప్పుడు డ్రమ్ము మార్చేదాకా అదురు పోదు. 120 నంబరు ఎమరీ పేపర్‌తో షూల మీద మెరుపు పోయేదాకా, డ్రమ్ము లోపలి గోడ మీద అడ్డంగా రుద్దాలి. ఆ దుమ్ము ఊదకండి, తడిగుడ్డతో తుడవండి. నూనె చేయి తగలనివ్వకండి.

లోపల ఆయిల్ తడి కనిపిస్తే ముందు ఆయిల్ కారకుండా ఆపే సీల్ మార్చాలి, లేకపోతే కొత్త షూలూ పాడే. షూల మీది లైనింగ్ (డ్రమ్ముకి రాసుకునే పొర) బాగా అరిగితే సెట్టు మొత్తం మార్చండి, ఒక్కటే వేయకండి. తెరిచారు కాబట్టి బెల్టు పళ్ల మధ్య పగుళ్లు, ముందు పుల్లీలోని రోలర్లు ఒకవైపు చదునుబడ్డాయేమో కూడా చూడండి.

మెకానిక్ క్లచ్ అసెంబ్లీ మొత్తం మార్చాలంటే వెంటనే ఒప్పుకోకండి. ముందు రుద్దించి వారం నడిపి చూడండి.